బుగ్గ మీద బావంచాల నూనె

ఇనుముకు తగిలే ఎండ గురించి పైడితల్లిని అడగండి, గంటసేపు చెబుతుంది. ఏ వేళకు పట్టా ఎంత సాగుతుందో, ఏ మలుపులో వంకర తిరిగే భయముందో, థర్మామీటరు పట్టా మీద పెట్టి ఎంతసేపు ఆగాలో, అన్నీ ఆవిడకి కొట్టినపిండి. టాటానగర్ లైను మీద ఎనిమిదేళ్లుగా గ్యాంగులో పని. ఏప్రిల్ వచ్చి పట్టాలు కాలడం మొదలెడితే చాలు, కాపలా నడక డ్యూటీ పడుతుంది. ఊరంతా నీడ వెతుక్కునే వేళకి ఈవిడ ఎర్రజెండా చంకన పెట్టుకుని, రెండు కిలోమీటర్ల ముక్క మీద పోతూ వస్తూ ఉంటుంది. ఇంత తెలిసిన మనిషికి తన తోలుకి తగిలే ఎండ గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు. తెలియకపోతే పోనీ అనుకోవచ్చు, తెలుసనుకుంది. కొంప ముంచింది అదే.

"నల్ల తోలుకి ఎండేటి సేత్తాది?" అనేది. తెల్లగా ఉన్న ఇంజనీరు బాబులు టోపీ, గొడుగు, నల్లద్దాలు, ముఖానికి క్రీము పెట్టుకుని లైను మీదికి దిగితే గ్యాంగంతా చాటున నవ్వుకునేవాళ్లు. అందరికన్నా పెద్ద నవ్వు పైడితల్లిదే.

ఆ నవ్వు ఊరికే రాలేదు లెండి. తండ్రి టెక్కలి పక్క పల్లె నుంచి వచ్చి ఈ హిందీ ఊళ్లో రైల్వేలో చేరాడు. ఈవిడ పుట్టింది, పెరిగింది, పెళ్లాడింది అంతా ఈ క్వార్టర్ల మధ్యే. మొగుడు చినబాబు కూడా లైను మనిషే. పచ్చకామెర్లతో పోయేనాటికి కూతురు ఉజ్వలకి అయిదేళ్లు. అతని ఉద్యోగం ఈవిడకిచ్చారు. మొదటి రోజు సుత్తి ఎత్తలేక ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ సుత్తి ఎత్తలేని మగవాళ్లని ఏడిపించింది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, మాట కటువు, చెయ్యి చురుకు, ఒక్కచోట కుదురుగా కూర్చునే రకం కాదు. అన్నం కూడా నిలబడే తింటుంది.

రెండేళ్ల కిందట ఎడమ చేతి కణుపుల మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. బొల్లి. కణుపుల మీంచి ముంజేతికి పాకాయి, తర్వాత పెదవి మూలన ఒక చుక్క తేలింది. గ్యాంగులో నాలుగు రోజులు చూశారు, అయిదో రోజు మానేశారు. పైడితల్లి డాక్టరు దగ్గరికి పోలేదు. "నన్నేటి పెళ్లిచూపులకి కూకోబెడతారా?" అని తోసిపారేసింది. ఎండాకాలం ఆ తెల్లని చోట్లు ఎర్రగా కందిపోయేవి, పొట్టు లేచేది. చన్నీళ్లు చల్లుకునేది, అంతే. చుట్టూ ఉన్న నలుపు ఓర్చుకున్నంతా ఆ తెలుపు ఓర్చుకోలేదని ఆవిడకి తట్టలేదు.

అలాంటి మనిషి, ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్న కూతురికి జడ వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"ఏటే ఇది?" అంది, పిల్ల గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పి.

ఎడమ కంటి కింద, బుగ్గ మీద, రూపాయి బిళ్లంత మచ్చ. చామనచాయ ముఖం మీద పాలిపోయినట్టు తెల్లగా ఉంది.

"కుఛ్ నహీ అమ్మా, ఛోడో న," అంది ఉజ్వల, జడ సగంలో ఉందని విసుక్కుంటూ. పదమూడేళ్ల పిల్ల. తల్లి తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిస్తుంది. దానికి మచ్చ గొడవ లేదు, స్కూలు ఖోఖో జట్టులో పేరుందా లేదా అన్నదే గొడవ. పేరుంది. నెల్లాళ్లుగా రోజూ ఒంటిపూట బడి వదిలాక మైదానంలో ఒంటిగంట దాకా పరుగులే.

పైడితల్లికి మాత్రం అదే గొడవ. నా నుంచి వచ్చింది. నా చెయ్యే అంటించింది. ఈ రెండు ముక్కలూ ఆ రోజంతా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. కూర మాడింది. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది. సాయంత్రం దాకా నాలుగుసార్లు పిల్ల ముఖం చూసింది, చూసినప్పుడల్లా మచ్చ పెద్దదైనట్టే కనిపించింది. తన చేతి మీద రెండేళ్లున్నా లెక్కచెయ్యని మచ్చ, కూతురి బుగ్గ మీద ఒక్కరోజు ఉంటే ఓర్చుకోలేకపోయింది. అదేం న్యాయమో తల్లులనే అడగాలి.

చివరికి బారిడీహ్‌లో ఉన్న ఆడపడుచు రోహిణికి ఫోను చేసింది. రోహిణి ఇలాంటి పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టు చీకటి పడకముందే సీసా పట్టుకుని వచ్చేసింది.

"బావంచాల నూనె. మా ఊరి కాడ వైద్యుడు గింజలు నూరి కాసినాడు. రెండేళ్లుగా నీకే ఇద్దామని ఉంచినాను, నువ్వు ఇన్నావేటి?" అని ఒక దెప్పు దెప్పి, విధానం చెప్పింది. "మచ్చ మీద పూసి ఎండలో నిలబడాల. అదే మందు. ఎంత ఎండ తగిల్తే అంత బేగి రంగొత్తాది."

"పిల్ల ముకం మీద ఏటైనా అయితే వదినా?"

"ఏటవుద్దే? గింజల నూనె, విషమా ఏటి?"

పైడితల్లి తెలివితక్కువది కాదు. లైను మీద ఏ పనైనా పరీక్ష చేయకుండా బండిని పోనివ్వరు. అలాగే ముందు తన చేతి మీద చూసుకోవాలనుకుంది. సోమవారం పొద్దున్నే ఎడమ చేతి మచ్చలన్నిటికీ నూనె దట్టంగా పట్టించి డ్యూటీకి పోయింది. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, పదింటి నుంచి మూడు దాకా కాపలా నడక నడిచింది. అయిదు గంటల ఎండ. మధ్యమధ్యలో ఆగి చెయ్యి చూసుకుంది. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చూసింది, ఏమీ కాలేదు. పడుకోబోయే ముందు దీపం కింద పెట్టి చూసింది, ఏమీ కాలేదు. హమ్మయ్య, పరీక్ష నెగ్గింది అనుకుంది. అదిగో, అక్కడే దెబ్బ తింది. ఆ నూనె అప్పటికప్పుడు కాటేసే రకం కాదు. ఒక రోజు ఆగి కాటేస్తుంది. ఆ సంగతి సీసా మీద ఎవడూ రాయలేదు, రోహిణికీ తెలియదు.

మంగళవారం తెల్లవారి అయిదున్నరకు, బడికి పోయే పిల్లని కూర్చోబెట్టి బుగ్గ మీద నూనె రాసింది. దూదితో రాసింది, తన వేలు తగలనివ్వలేదు.

"బద్‌బూ ఆ రహీ హై," అని ముక్కు ముడిచింది ఉజ్వల.

"ఆట అయినాదాకా కడుక్కోకు. ఎండ తగలాల," అంది తల్లి. తన నోటితో తనే అంది.

పదిన్నర. పట్టా వేడి హద్దు దాటింది, నడక మొదలైంది. మొదటి కిలోమీటరు కూడా నడవలేదు, ఎడమ చేతి మీద ఎవరో కారం చల్లినట్టయింది. చూసుకుంది. మచ్చలున్న చోటల్లా ఎర్రగా వాచి ఉంది. నీళ్లు పోసింది. తగ్గలేదు. ఇంకో పావుగంట నడిచింది. కణుపుల మీద చర్మం ఉబ్బి, లోపల నీరు చేరుతోంది.

ముందు అనుకున్నది చేతి గురించే. ఏం తగిలింది, ఏం పురుగు కుట్టింది అని. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఇది నిన్నటి నూనె. ఇది నిన్నటి ఎండ. ఆ వెంటనే పొద్దుటి దూది గుర్తొచ్చింది.

ఉజ్వల ఇప్పుడు ఎక్కడుంటుంది? బడి వదలడానికి ఇంకా సేపుంది. వదిలాక మైదానం. ఒంటిగంట దాకా ఎండలో పరుగులు. స్కూలు ఆఫీసుకి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ. పిల్ల దగ్గర ఫోను లేదు. బారిడీహ్ నుంచి రోహిణి వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తను పరిగెత్తుదామంటే లైను వదలడానికి లేదు. ఇంకో మనిషి వచ్చి జెండా అందుకునేదాకా ఆ రెండు కిలోమీటర్లూ ఆవిడవే. ఆ వేడిలో పట్టా ఎక్కడైనా జరిగి ఉంటే, చూసేవాళ్లు లేకపోతే, వచ్చే బండిలో ఎంతమంది ఉజ్వలలు ఉంటారో ఆవిడకి తెలుసు. తెలిసినా కాళ్లు అటే లాగాయి. కాలుగాలిన పిల్లిలా అక్కడక్కడే తిరిగింది.

అవతలి ముక్క మీద నడుస్తున్నది పోలయ్య. గ్యాంగుని నడిపే మేట్, ఇంకో ఏడాదిలో రిటైరు కాబోయే మనిషి. ఫోను చేసి గోలపెట్టింది.

"మావా, పిల్ల ముకం కాలిపోతాది మావా!"

"ఎక్కడే? ఏటయ్యింది? మంటా?"

"మంట కాదు, నూనె! నానే రాసీసినాను!"

ఆయనకి అర్థం కాలేదు. అయినా ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "నా కాడికి నడుసుకొచ్చీ. జెండా నాకిచ్చీసి ఎల్లిపో. సారుకి నాను సెప్తాను," అన్నాడు.

ఆయన ఇటు, ఈవిడ అటు నడిచారు. పట్టాలని చూసుకుంటూనే నడిచింది, ఆ ఒక్కటి మాత్రం మానలేదు. నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ ముసలాయన రెండు ముక్కలూ తానొక్కడే నడవడానికి జెండా అందుకుని, ఆమె చెయ్యి చూసి, "ఓలమ్మో!" అన్నాడు.

ఆటో పట్టుకుని స్కూలు చేరేసరికి పన్నెండు దాటింది. మైదానంలో ధూళి లేస్తోంది. ఉజ్వల అప్పుడే స్తంభం చుట్టూ తిరిగి ఒక పిల్లని తరుముతోంది. పైడితల్లి నారింజ రంగు లైను జాకెట్టుతో, బూట్లతో, ఆట మధ్యలోకి దూసుకుపోయి పిల్ల రెక్క పట్టుకుంది. జట్టు పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. కొందరు నవ్వారు. మాస్టారు ఈల ఊదాడు.

"అమ్మా! క్యా కర్ రహీ హో? సబ్ దేఖ్ రహే హైఁ!"

"కుళాయి ఎక్కడ? నడు!"

సబ్బు పెట్టి మూడుసార్లు కడిగింది. రుద్దలేదు, భయమేసింది. కొంగు లేదు, జాకెట్టు విప్పి పిల్ల తలమీద కప్పి, నీడనీడన నడిపించుకుని ఇంటికి తెచ్చింది. దారి పొడుగునా ఉజ్వలకి ఏడుపు ముంచుకొస్తూనే ఉంది, ఆట పోయిందని, అందరిలో పరువు పోయిందని. ఇంటికొచ్చాక అడిగింది, "హువా క్యా? బతావో తో సహీ."

పైడితల్లి చెప్పలేదు. ఎలా చెబుతుంది? పిల్ల బుగ్గ చూస్తే ఏమీ లేదు. అంతా నున్నగా, మామూలుగా ఉంది. ఇంకొకరైతే బతికాం అనుకునేవారు. పైడితల్లికి ఆ బతికాం అనుకునే వీలు లేదు, తన చెయ్యి కూడా నిన్న ఈ వేళకి ఇలాగే నున్నగా ఉంది.

ఆ రోజూ, మర్నాడూ ఆ ఇంట్లో గడిచిన తీరు చెప్పుకోవాలంటే విసుగొస్తుంది. కిటికీలకి చీరలు కట్టింది. బుధవారం పిల్లని బడికి పంపలేదు, తను సెలవు పెట్టింది. నూనె సీసాని వీధి కాలవలో పారేసింది. తన చేతికి గుడ్డ చుట్టి, "పట్టా తగిలి కాలింది," అని చెప్పింది. ఇక బుగ్గ చూడటమే పని. టీ ఇచ్చే నెపంతో చూసింది. ముఖం తుడిచే నెపంతో చూసింది. నిద్రపోతుంటే చూసింది. రోహిణి ఫోను చేస్తే ఎత్తలేదు. దేవుడా, రేపటి దాకా ఆగేదేటి, ఏదో ఒకటి ఇప్పుడే సెప్పీ అని పోరింది.

"ఐసే క్యోఁ ఘూర్ రహీ హో?" అని, గుచ్చిగుచ్చి చూస్తున్నందుకు కోప్పడింది ఉజ్వల ఒకసారి.

"నిన్ను కాదే, దోమ."

బుధవారం మధ్యాహ్నం బుగ్గ ఎర్రబడింది. సాయంత్రానికి ఉబ్బింది. గురువారం పొద్దున్నకి మచ్చ ఉన్న చోట చింతగింజంత బొబ్బ, దాని పక్కన ఇంకోటి. కంటి కింద వాపు వచ్చి కన్ను సగం మూతపడింది. పైడితల్లి పిల్ల గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"నొప్పెడతందేటే?"

"నహీ," అంది ఉజ్వల. అద్దంలో ఒక్కసారి చూసుకుని, అద్దం బోర్లా పెట్టేసింది. తల్లి ముఖం చూసింది. రైల్వే ఆసుపత్రి దాకా ఆటోలో తల్లి నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ నహీ అనే చెప్పింది.

చర్మం డాక్టరమ్మ గదిలో వాళ్ల వంతు పదకొండింటికి వచ్చింది. పెద్దావిడ, హిందీలో గబగబా మాట్లాడుతుంది. పిల్ల ముఖం చూడగానే కుర్చీ ముందుకు లాక్కుంది. లైటు వేసి, భూతద్దం పెట్టి, బొబ్బ చుట్టూ చూసింది. రెండో బుగ్గ కూడా చూసింది. అక్కడ, చెవికి దగ్గర్లో, పైడితల్లి ఎన్నడూ గమనించని చిన్న తెల్లమచ్చ ఇంకొకటి ఉంది.

"దీని మీద ఏం రాశారు?" అంది.

పైడితల్లి గుడ్డ చుట్టిన చెయ్యిని, పైన వేసుకొచ్చిన లైను జాకెట్టు జేబులోకి దోపుకుంది.

"బావంచాల నూనెలా ఉంది. నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు ఇలా కాల్చుకుని. ఎవరు రాశారమ్మా?"

ఉజ్వల తల్లి వంక చూడలేదు. బల్ల వంక చూస్తూ చెప్పింది. "మైనే ఖుద్ లగాయా. అత్త ఇచ్చిన సీసా అలమారలో ఉంటే తీసి నేనే రాసుకున్నా. అమ్మకి తెలీదు."

డాక్టరమ్మకి ఒళ్లు మండింది. "నువ్వా? ఎనిమిదో క్లాసు చదువుతున్నావు, ఇంత బుద్ధి లేదా? ఆ నూనె రాసుకున్న చోట చర్మం ఎండకి పదింతలు కాలుతుంది. మేము కూడా ఆ మందు ఇస్తాం, నిమిషాలు లెక్కపెట్టి, లేత ఎండలో, బొల్లి ఉన్నవాళ్లకి. నీకు బొల్లి ఎక్కడుంది? ఇది బొల్లి కాదు. ఇటు చూడు, రెండో బుగ్గ మీద ఉన్నదీ అదే. పిల్లల బుగ్గల మీద పొడిబారి వచ్చే మచ్చ. నీలాంటి చామనచాయ పిల్లలు ఎండలో ఆడితే చుట్టూ చర్మం నల్లబడి అది తెల్లగా కనిపిస్తుంది. అంటదు, పాకదు. రోజూ ముఖానికి ఎండ తగలకుండా క్రీము రాసి, టోపీ పెట్టుకుని, కాస్త కొబ్బరినూనె రాసుకుంటే వానల నాటికి దానంతటదే పోయేది. చేజేతులా కాల్చుకున్నావు. ఇప్పుడు దీని మీద నల్లమచ్చ పడుతుంది, పోవడానికి నెలలు పడుతుంది. అందంగా కనపడాలన్న పిచ్చి ఏమిటి ఈ వయసులో?"

ఉజ్వల తల దించుకుని వింది. మెడ మీద జడ కదల్లేదు.

దానంతటదే పోయేది. ఆ ముక్క దగ్గరే పైడితల్లి ఆగిపోయింది. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే పోయేది. తను పూసిన నూనె, తను తగలమన్న ఎండ. ఇప్పుడు కూడా ఏమీ అనకుండా ఊరుకుంటే ఈ తిట్లు పిల్ల మీద పడి పోతాయి, చీటీ రాస్తారు, మందిస్తారు, ఇంటికి పోవచ్చు. ఒక్క క్షణం, నిజంగానే ఒక్క క్షణం, ఊరుకుంది కూడా. అందుకు తనని తానే అసహ్యించుకుంది.

"కాదు," అంది. గొంతు పెద్దగా వచ్చింది, బయట వరసలో ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు. డాక్టరమ్మతో హిందీలో మొదలుపెట్టి సగంలో తెలుగులోకి పడిపోయింది. "ఉస్‌నే నహీ లగాయా డాక్టర్ సాబ్. నానే రాసినాను. ఎండలో ఆడమని నానే సెప్పినాను. కడుక్కోవద్దని కూడా నానే సెప్పినాను. అది అబద్ధం ఆడతంది. నాకు బొల్లి ఉంది, నా కాడనించి వచ్చీసిందనుకున్నాను." జేబులోంచి చెయ్యి తీసి, గుడ్డ లాగిపారేసి, బొబ్బలు చితికి పచ్చిగా ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టింది. "దాన్ని తిట్టకండి. నన్ను తిట్టండి."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. తిట్టలేదు. చెయ్యి తిప్పి చూసింది, పైకి చూసి పెదవి మూలన చుక్క కూడా చూసింది. "ఎన్ని గంటలు ఎండలో పని?" అని అడిగింది.

"పొద్దంతా."

"ఎన్నాళ్లుగా?"

"ఎనిమిదేళ్లు."

"నల్లని చోట కూడా ఎండ తన పని తాను చేస్తుందమ్మా, కాకపోతే నెమ్మదిగా. ఈ తెల్లని చోట్ల నీకు అసలు కాపలాయే లేదు. కూర్చో, నీకు కూడా చీటీ రాస్తాను," అంది.

పైడితల్లి కూర్చోలేదు. కూతురి వైపు తిరిగింది.

ఉజ్వల అప్పుడు తలెత్తింది. వాచిన కన్నూ, మంచి కన్నూ రెండూ నీళ్లతో నిండిపోయాయి. రెండు రోజులుగా బిగబట్టుకున్న ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖమైపోయింది. తల్లి జాకెట్టు అంచు రెండు చేతులా పట్టుకుంది.

"మండిపోతందే అమ్మా," అంది. "నిన్నటి నించీ మండిపోతంది."